మాయాబందర్‌లో ఇల్లు కొలవబోయి సీలింగు కోసిన కథ

ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేస్తున్నానంటే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “అయితే మా హాల్లో ఫాల్స్ సీలింగు వేయించాలంటే అడుగుకి ఎంతవుతుంది?” పెళ్ళిళ్ళలో అడిగారు. రైల్లో పై బెర్తు ఆయన తల కిందికి వేలాడేసి మరీ అడిగాడు. పళ్ళ డాక్టరు నేను నోరు తెరుచుకుని ఉన్నప్పుడు అడిగాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అందుకని ఈ ప్రశ్నకి మర్యాదగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. నిజానికి ఆ కోపంలో సగం నా మీద నాకే. డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో రెండేళ్ళు ఉద్యోగం చేసి నేను గీసినవన్నీ ఫాల్స్ సీలింగులే. తామరాకు సీలింగు, శంఖం సీలింగు, ఒక నగల వ్యాపారి పడగ్గదికి నెమలి పింఛం సీలింగు. పింఛంలో కన్ను చోట నీలం లైటు. ఇంక చాలు తల్లీ అని దణ్ణం పెట్టి పీజీలో చేరాను.

చేరాక తెలిసింది, చదువు ఇంకో రకం తలనొప్పి అని. చివరి ఏడాది థీసిస్‌కి నేను ‘సామాన్యుల ఇంటి లోపలి అమరిక’ అనే విషయం తీసుకున్నాను. రెండు రివ్యూల్లోనూ మా గైడ్ మేడమ్ నా డ్రాయింగులు చూసి ఒక్కటే మాట అన్నారు. “ఇళ్ళు ఉన్నాయి. మనుషులేరీ?” మూడో రివ్యూలో కూడా అదే మాట వస్తే సెమిస్టరు మళ్ళీ మొదటి నుంచి. అప్పుడు నా హాస్టల్ రూమ్మేట్ నా ఏడుపు చూడలేక ఒక దారి చెప్పింది. ఆమె డిగ్నాబాద్ పిల్ల, అంటే పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. వాళ్ళ అమ్మమ్మ నీలమ్మగారి ఇల్లు అండమాన్ ఉత్తరాన మాయాబందర్‌లో ఉందట. తాతగారు పడౌక్ అనే అక్కడి ఎర్ర కలపతో కట్టిన ఇల్లు, రేకుల కప్పు, కిందంతా మొద్దు స్తంభాలు, నలభై ఏళ్ళుగా ఎక్కడి సామాను అక్కడే. “ఆ ఇంట్లో మనుషులు లేరని మీ మేడమ్ అంటే నా పేరు మార్చుకుంటా” అంది.

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళ మేనమామ అప్పలరాజుగారు. మాయాబందర్‌లో చిన్న కాంట్రాక్టరు. రెండు రోజులు మీ ఇంట్లో ఉండి కొలతలు, ఫోటోలు తీసుకుంటానని వాట్సాప్‌లో అడిగాను. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లని ఇంట్లోకి రానివ్వాలంటే ఆయనకి నమ్మకం కుదరాలి కదా అని నా పాత పని ఫోటోలు ఓ పన్నెండు జత చేశాను. ఈ వాక్యం కాస్త గుర్తుపెట్టుకోండి. ఆయన దగ్గర నుంచి నాలుగు దణ్ణాల బొమ్మలూ, “బేఫికర్ రండి మేడమ్, మా తరఫున ఏ లోటూ ఉండదు” అనే జవాబూ వచ్చాయి.

రివ్యూ సోమవారం. నేను అంతకు ముందు సోమవారం చెన్నై మీదుగా విమానంలో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ అది ఎప్పుడు బయల్దేరుతుందో, మూడు నాలుగు రోజులు సముద్రం మీద నా కడుపు ఏమంటుందో తెలియదు కాబట్టి ఆ సాహసం చేయలేదు. బోర్డుల మీద ఊరికి కొత్త పేరు శ్రీ విజయపురం అని ఉంటుంది, ఆటో వాళ్ళ నోట్లో ఇంకా పోర్ట్ బ్లెయిరే. ఆ రాత్రి డిగ్నాబాద్‌లో రూమ్మేట్ వాళ్ళ ఇంట్లో పడుకున్నాను. అక్కడ నాకో బోనస్ దొరికింది. నీలమ్మగారు అక్కడే ఉన్నారు. కళ్ళు చూపించుకోమని కొడుకు పది రోజుల కిందట కూతురింటికి పంపాడట, మర్నాడు నా బస్సులోనే తిరుగు ప్రయాణం.

మాయాబందర్ బస్సు తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరుతుంది. ముందు రోజే బస్టాండులో టికెట్టు చేయించుకోవాలి. ప్రైవేటు బస్సుకి నాకు నాలుగు వందల లోపే అయింది. సర్కారు బస్సు ఇంకా చవక, సీటు ఇంకా గట్టి. అండమాన్‌లో సూర్యుడికి మనకంటే తొందర ఎక్కువ, అయిదింటికల్లా వెలుగు వచ్చేస్తుంది. జిర్కాటాంగ్ గేటు దగ్గర బళ్ళన్నీ వరస కడతాయి. అక్కడి నుంచి ఆదివాసీల రక్షిత అడవి. బళ్ళు కాన్వాయ్‌గానే వెళ్ళాలి, మధ్యలో ఆపకూడదు, ఫోటోలు అసలు తీయకూడదు. గుర్తింపు కార్డు చేతికి అందేలా పెట్టుకోండి. నాది పెట్టె అడుగున, లేజర్ టేపు కింద ఉండటంతో పెట్టె మొత్తం బస్సు నడవాలో విప్పాల్సి వచ్చింది. డ్రైవరు భయ్యా అద్దంలో చూసి, “దీదీ, దుకాణం పెడుతున్నావా? క్యా క్యా బేచ్‌తీ హో?” అన్నాడు. బస్సంతా నవ్వింది. నీలమ్మగారు కూడా.

ఆవిడ గురించి చెప్పాలి. డెబ్బై దాటాయి. కుడి కంటికి బాగా పొర కమ్మింది. శ్రీకాకుళం దగ్గరి సముద్రపు ఊరి నుంచి పెళ్ళయిన కొత్తల్లో ఓడెక్కి వచ్చారట. మాట మాత్రం ఇంకా ఆ ఒడ్డు దాటలేదు, పిల్లని గుంట అంటారు.

“ఏటే గుంటా, మా ఇల్లు కొలిసి నువ్వేటి సేస్తావు?” అన్నారు.

“చదువు అమ్మమ్మా. ఏ వస్తువు ఎక్కడ పెట్టుకుంటారో, ఎందుకు పెట్టుకుంటారో గీస్తాను.”

“దీనికి సదువెందుకే? నా కళ్ళు మూసి నిలబెట్టినా మా ఇంట్లో సూది ఎక్కడుందో సెప్తాను.”

మిడిల్ స్ట్రెయిట్ అనే సముద్రపు పాయ దగ్గర బస్సు దింపి, బస్సునీ మనల్నీ ఒకే బల్లకట్టు మీద ఎక్కించి అవతల బారాటాంగ్‌లో దించుతారు. అక్కడ జెట్టీ దగ్గర పూరీ కూర తిన్నాం. నీలమ్మగారు ఒక పూరీ తిని పక్కన పెట్టేశారు. పది రోజులుగా కూతురు సీసాలో కొన్న పచ్చడి వేస్తోందట, నోరు చచ్చిపోయిందట. “ఇంటికెళ్ళగానే ఆవకాయ ఏసి అన్నం పెడతాను, సూద్దువు గానీ. మా అటక మీద జాడీ ఉంది, గాలి తగులుద్ది, సీమలు రావు” అని ఊరించారు. తర్వాత అయిదు గంటల ప్రయాణంలో, కదమ్‌తలా దాటి, రంగత్‌లో భోజనం వద్దనుకుని, మేమిద్దరం ఆ ఆవకాయ మీదే బతికాం. నేను నోట్‌బుక్ తీసి ‘అటక, గాలి, చీమలు రావు’ అని రాసుకున్నాను. ఇదే థీసిస్ అనుకుని లోపల గంతులేశాను.

మధ్యాహ్నం రెండున్నరకి మాయాబందర్‌లో దిగాం. జెట్టీ, గవర్నమెంటు ఆఫీసులు, చిన్న బజారు, వాటి వెనక కొండ మీద ఇళ్ళు. ఆటోకి నూటయాభై. ఇంటి ముందు అప్పలరాజుగారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నారు. పక్కన ఆయన భార్య మాలతి, చేతిలో హారతి పళ్ళెం. నేను మాలతి అత్త అని పిలిచే ఈవిడ రంగత్ బెంగాలీ కుటుంబంలో పుట్టింది. తెలుగు అత్తగారి దగ్గరే నేర్చుకోవడంతో మొగుడి కంటే ఆవిడదే అచ్చమైన శ్రీకాకుళం తెలుగు.

“ఆవో బేటీ, ఆవో. అంతా సెట్ చేసి పెట్టాం. ఒక్కసారి లోపలికి చూడండి” అన్నారు అప్పలరాజుగారు.

చూశాను. చెక్క గోడలకి లేత గులాబీ రంగు. నడింట్లో టెంట్ హౌస్ నుంచి తెచ్చిన ఎర్ర గుడ్డ కుర్చీలు నాలుగు, మధ్యలో ప్లాస్టిక్ పూల కుండీ. ఇంకేమీ లేదు. చెంబు లేదు, చాప లేదు, మేకుకి తగిలించిన గొడుగు లేదు. మేకే లేదు. తలెత్తి పైకి చూస్తే పడౌక్ దూలాలు కూడా లేవు. వాటి చోట తెల్లటి జిప్సమ్ సీలింగు, దాని మధ్యలో నెమలి పింఛం, పింఛం కన్నులో నీలం లైటు.

“మీరు పంపిన ఫోటోల్లో ఏడో నంబరుది” అన్నారాయన గర్వంగా. “మీ టేస్ట్ అదే కదా అని రంగత్ నుంచి మిస్త్రీలని పిలిపించాను. మీ పుస్తకంలో మా ఇల్లు పడుతుంది, కాలేజీ వాళ్ళంతా చూస్తారు, పాత కబాడ్ సామాను చూపిస్తే క్యా ఇజ్జత్ రహేగీ, పరువేముంటుంది? సామానంతా చుట్టుపక్కల ఇళ్ళకి పంపించేశాం.”

చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత మహదేవా! రెండేళ్ళు సీలింగులు గీసి, వాటి నుంచి పారిపోయి, సముద్రం దాటి, పది గంటలు బస్సులో కుదేలై వస్తే, నా నెమలి నాకంటే ముందొచ్చి కూర్చుంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన మీద అరవడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆయన మొహం చూశాను. కూతురి పెళ్ళికి పందిరి వేసిన తండ్రి మొహంలా ఉంది. “బాగుంది మావయ్యగారూ” అని, పెరట్లోకి వెళ్ళి కొబ్బరిచెట్టు చాటున బాగా ఏడ్చాను.

నీలమ్మగారు మాత్రం ఏడవలేదు. గుమ్మంలోనే నిలబడి, “ఇది ఎవరిల్లురా?” అని అడిగారు.

“నీదేనమ్మా.”

“నాదైతే నా పీటేదిరా?”

భోజనాలకి వంటింట్లో కూర్చున్నాం. అక్కడా గులాబీ రంగే. చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది. ఆవకాయ జాడీ కూడా సామానుతో పాటు ఏ పొరుగింటికో వెళ్ళి ఉంటుందన్నారు. నీలమ్మగారు కూర్చునే ముందు చెయ్యి కుడివైపు గోడ మీదికి చాచారు. అక్కడ ఏమీ లేదు. అరచేయి ఖాళీ గోడకి కొట్టుకుంది. “ఉప్పు డబ్బా” అన్నారు విసుగ్గా. కాసేపటికి వెనక్కి తిరగకుండానే ఎడమచెయ్యి మోకాలి ఎత్తులో చాచి గాలిని పట్టుకున్నారు. “నీళ్ళ సెంబు.” సొంత ఇంట్లో ఆవిడ అడిగి తీసుకోవాల్సి వస్తోంది. మొదట నాకు జాలేసింది. మూడోసారి చెయ్యి చాచేసరికి నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ చెయ్యి తడుముకోవడం లేదు. ప్రతిసారీ సరిగ్గా ఒక చోటికే వెళ్తోంది. ఇల్లు గోడల మీద లేదు కానీ ఆవిడ చేతిలో ఉంది.

మర్నాడు వెలుగు రాగానే, అయిదుంబావుకి, మాలతి అత్త దగ్గర ముగ్గు పిండి, బొగ్గు ముక్క అడిగి తీసుకున్నాను. “అమ్మమ్మా, టీ పెట్టండి. సామాను ఉన్నట్టే పెట్టండి” అన్నాను.

“పిచ్చా నీకు?”

“చదువండీ.”

“రెండూ ఒకటేనేమో” అని గొణుగుతూనే మొదలుపెట్టారు. అగ్గిపెట్టె కోసం చెయ్యి వెళ్ళిన చోట కొత్త గులాబీ గోడ మీద బొగ్గుతో గుండ్రం చుట్టాను. టీ పొడి, ఇంకో చుట్టు. బెల్లం ఎత్తున, పిల్లలకి అందకుండా. ఆ పిల్లలకి ఇప్పుడు యాభై ఏళ్ళు. మసిగుడ్డ మేకు ఆవిడ భుజానికి సరిగ్గా ఆరంగుళాల పైన. పొరుగింటి వైపు కిటికీ దగ్గర ఒక పీట, కూరలు తరగడానికి కాదు, తరుగుతూ ఊళ్ళో సంగతులు వినడానికి. వాన కారే చోటు కింద ఇత్తడి బిందె, ఎందుకంటే అక్కడ ఎలాగూ నిండుతుంది. టేపు పెట్టి ప్రతి చుట్టూ కొలిచాను. ఆవిడ అడుగులు పడిన చోట నేల మీద ముగ్గు పోశాను. ఏడింటికి అప్పలరాజుగారు లేచి వచ్చి గోడలు చూసి గుండె పట్టుకున్నారు. “హే భగవాన్, మొన్ననే రెండో కోటు వేయించా!”

“ఊరుకోరా. గుంట ఇల్లు ఎతుకుతుంది” అన్నారు నీలమ్మగారు.

అప్పుడు చెప్పాను ఆయనకి నిజం. నాకు కావలసింది ఆ పాత కబాడ్ సామానేనని, అది లేకపోతే సోమవారం నా సెమిస్టరు గంగలో కలుస్తుందని, ఆ సీలింగు ఫోటో పంపడం నా బుద్ధిలేనితనమేనని. ఆయన కుర్చీలో కూర్చుని ఎర్ర గుడ్డ సర్దారు. “అంటే మీకు నచ్చలేదన్నమాట” అన్నారు చివరికి. ఆ మాటకి నాకు నిజంగా సిగ్గేసింది. పాపం, ఆయన చేసింది నా కోసమే. కాసేపటికి ఆయనే లేచి వీధిలోకి వెళ్ళి, “భయ్యా, సామాన్ వాపస్ లావో!” అని కేక పెట్టారు.

ఇంక చూడండి ఊరేగింపు. ఎడమ పక్క నుంచి పీట, మంచం. కుడి పక్క నుంచి కావిడిపెట్టె, రోలు. ఎదురింటి నుంచి గొడుగులు మూడు, అందులో ఒకటి వీళ్ళది కాదు. ఒకామె ఇత్తడి బిందె తెచ్చి, దాన్ని వదల్లేక వదిలింది, నాలుగు రోజుల్లో అలవాటైపోయిందట. ప్రతి వస్తువునీ ఎక్కడ పెట్టాలో అందరూ అరిచారు, నీలమ్మగారు ఎవరి మాటా వినలేదు. బొగ్గు చుట్లు చూసి ఒక్కోటీ పెట్టుకుంటూ పోతే ఒక్కటి కూడా తప్పలేదు. పదింటికి ఇల్లు ఇల్లయింది. నేను గీస్తూనే ఉన్నాను, చెయ్యి లాగేస్తోంది.

“ఆవకాయ జాడీ?” అన్నారు నీలమ్మగారు.

ఎవరింటికీ జాడీ రాలేదు. మాలతి అత్త, “అటక మీద సామాను మిస్త్రీలు దింపుతామన్నారు గదేటి” అంది. అప్పలరాజుగారు, “అటక నువ్వు ఖాళీ చేశావని మిస్త్రీలు చెప్పారు” అన్నారు. ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు. నీలమ్మగారు మూలనున్న గెడకర్ర తీసుకుని, కంటికి కనబడకపోయినా, సరిగ్గా అటక పలక ఉండాల్సిన చోట జిప్సమ్ మీద టక టక కొట్టారు. పైన జాడీ మూత కంగున మోగింది.

“నా ఆవకాయకి గోరీ కట్టేశావురా!” అని ఆవిడ పీట మీద కూలబడ్డారు. “దాన్ని దించేదాకా ఈ ఇంట్లో నాను పచ్చి మంచినీళ్ళు ముట్టను.”

“అమ్మా, పెయింట్ ఇంకా ఆరలేదు...”

“నాను పోయాక ఆరబెట్టుకో.”

అప్పలరాజుగారు తల్లిని చూశారు, నెమలిని చూశారు, నన్ను చూశారు. లోపలికి వెళ్ళి చిన్న రంపం తెచ్చి నా చేతిలో పెట్టారు. “డిజైన్ మీదే. మీరే కొయ్యండి బేటీ. నా చేతులు రావు.”

ఇలాంటివి వంద గీసిన దాన్ని, లోపల లోహపు పట్టీలు ఎక్కడుంటాయో నిద్రలో కూడా చెబుతాను. నిచ్చెనెక్కి, వైర్లకి దూరంగా, పింఛం పక్క నుంచి మొదలుపెట్టాను. నెత్తి మీద, కళ్ళలో తెల్లటి పొడి. కింద పదిహేనుమంది నిలబడి, “ఇటు, అరే ఇటు, ధీరే సే” అని సలహాలు. నెమలి ఈక అరముక్క కిందపడినప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. రెండేళ్ళ ఉద్యోగంలో కలగని తృప్తి ఆ క్షణంలో కలిగింది, అబద్ధమెందుకు. కంతలోంచి తల పెడితే పైన చీకట్లో ఎర్రటి పడౌక్ దూలాలు, మేకుల్లేకుండా గాడి పెట్టి బిగించిన జాయింట్లు, ఒక దూలం మీద తాతగారు కత్తితో గీసిన పిల్లల ఎత్తుల గీతలు, వాటి పక్కనే గుడ్డ కట్టిన జాడీ. ఆ దూలం పైకెక్కే ముందు ఇంకే పాత ఇంట్లోనో స్తంభంగా నిలబడి ఉండి ఉంటుంది, పిల్లలు దానికి ఆనుకుని నిలబడి ఉంటారు. నేను కొలతలు తీయడం మర్చిపోయి కాసేపు ఊరికే చూశాను.

“అక్కడేటి సేస్తన్నావే? జాడీ దింపు!” అని కింది నుంచి నీలమ్మగారు.

పదకొండున్నరకి అందరికీ అన్నం, ఆవకాయ. అందులో కాస్త జిప్సమ్ కూడా పడిందేమో, ఎవరూ పట్టించుకోలేదు. అప్పలరాజుగారు మొదట అలిగి తినలేదు. తల్లి ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే తిన్నారు. తిన్నాక, “మంచిదే, జాగా చూసి కోశారు, పట్టీ ఒక్కటీ తెగలేదు” అన్నారు. కాంట్రాక్టరు నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు. చీకటి పడేదాకా, అంటే అక్కడ అయిదుంబావు దాకా, ఒక్క నిమిషం కూర్చోకుండా కొలిచాను. మర్నాడు తెల్లవారుజాము బస్సులో నా పెట్టెలో డ్రాయింగులు, ఒళ్ళో చిన్న సీసాలో ఆవకాయ. గేటు దగ్గర గుర్తింపు కార్డు ఈసారి జేబులోనే ఉంది.

సోమవారం రివ్యూలో నేను ముందుగా పెట్టింది గోడలు లేని ప్లాను. ఒక పీట, దాని చుట్టూ నీలమ్మగారి చెయ్యి వెళ్ళే ముప్ఫయ్యొక్క చోట్లు, ఒక్కోదాని ఎత్తూ దూరమూ. మా మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. “ఈవిడ పేరేమిటి?” అని అడిగారు. రెండేళ్ళలో నా డ్రాయింగు చూసి ఆవిడ ఒక మనిషి పేరు అడగడం అదే మొదటిసారి. సెమిస్టరు దక్కింది. బయటికి వచ్చి ఫోన్ చూస్తే అప్పలరాజుగారి దగ్గర నుంచి ఫోటో. నేను కోసిన కంతకి చుట్టూ పడౌక్ చట్రం బిగించారు, దానికి నిచ్చెన వేశారు, నెమలి కన్నులోని నీలం లైటు పీకి పైన అటకలో పెట్టారు. ఆ వెలుగులో ఆవకాయ జాడీ దేవుడి విగ్రహంలా కూర్చుని ఉంది. కింద సందేశం: “అమ్మకి ఇప్పుడు బాగా కనబడుతోందట. ఇదీ పుస్తకంలో పెట్టండి.” వెనక్కి పరుగెత్తి మేడమ్‌కి చూపించాను. “ఈ లైటింగు ఎవరి ఆలోచన?” అన్నారు. నాది కాదని చెప్పడానికి నాకు చాలా సంతోషం కలిగింది.

మీలో ఎవరైనా ఇలా ఊళ్ళకి ఇళ్ళు చూడటానికి వెళ్ళేవాళ్ళుంటే, నాకు తెలిసింది ఇంతే. మనం కొలిచేది గోడల్ని, వాళ్ళు బతికేది చేతి అందుబాటులో. ఆ దూరం టేపుకి కనబడదు, ఎవరైనా ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాచినప్పుడు కనబడుతుంది. అంతవరకూ వాళ్ళు పెట్టింది తింటూ కూర్చోవడమే పని. పనికొచ్చే మాటలు మూడు: మాయాబందర్‌కి బస్సు టికెట్టు ముందు రోజే కొనుక్కోండి, గుర్తింపు కార్డు పైజేబులో పెట్టుకోండి, మీ పాత పని ఫోటోలు మాత్రం ఎవరికీ పంపకండి.